క్షురధార, తోలుపట్టె



మహాసభలయందు విద్యను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, సంఘైక్యమును గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. మేము మాత్రము గోడకు వ్రేలాడు తోలుపట్టెను గూర్చి నాలుగు మాటలు మనవి చేయ నిశ్చయించుకొంటిమి. నవ్వువారు నవ్వవచ్చును. కాని మన పొదిలోని కత్తికి పదును నిలిపినది ఆ పట్టెయే. నేడు మన క్షౌరశాలలలో అనేకములందు అది కానరాదు. దానితోడనే దానిని వాడు నేర్పును పోవుచున్నది.

ఈ నేర్పు నిన్నటిది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున శస్త్రములను గూర్చిన యధ్యాయము కలదు. అందు శస్త్రము నూరుటకు మినుముల వన్నెగల నున్నని రాయియు, నూరిన పదును నిలుచుటకు బూరుగుచెక్కయు విధింపబడినవి. రాయి వేఱు, పలక వేఱు. రెంటి పనియు వేఱు. ఛేదనశస్త్రముల ధార వెండ్రుకలో సగము మందముండవలెననియు, రోమమును తెగగోయునదియే చక్కగా నూరిన శస్త్రమనియు ఆ గ్రంథము చెప్పుచున్నది. పల్లెలలో కురుపులు కోయుట, పుండ్లకు కట్టుకట్టుట చిరకాలము మనవారు చేసిన పనులే గనుక, ఈ యధ్యాయము వైద్యులకెంత చెందునో మనకును అంత చెందును.

రాతిపై నూరినప్పుడు కత్తియంచున కంటికానని సన్నని ఉక్కుపొర యొకటి లేచి ఒకవైపునకు వంగును. ఆ పొరతోనే గడ్డము గీచినచో చర్మము మండును. తోలు ఆ పొరను తొలగించి, వంగిన యంచును నిలువున నిలిపి, నునుపు చేయును. రాయి ఉక్కును అరగదీయును. తోలు అరగదీయుట బహుస్వల్పము. కావున మొద్దువారిన కత్తిని పట్టెపై నూఱుమార్లు లాగినను ప్రయోజనము లేదు.

ఇక విధానము. పట్టెయొక్క ఒకకొనను కొక్కెమునకు తగిలించి, రెండవకొనను ఎడమచేత బిగబట్టవలెను. పట్టె వదులై క్రుంగెనా, అంచు గుండ్రబడును. రాతిపై గంటసేపు పడిన శ్రమ నిమిషములో పోవును. కత్తిని పండబెట్టి, వీపును అంచును రెండును తోలునకు తగులునట్లుంచి, వీపు ముందుగా అంచు వెనుకగా నడుపవలెను. రాతిపై అంచు ముందు నడచును. తోలుపై వెనుక నడచును. ఈ భేదము మఱచినవాడు తోలును కోయును. కొన చేరగానే కత్తిని వీపుమీద దొరలించి త్రిప్పవలెనే గాని అంచుమీద త్రిప్పరాదు. చేతిబలము వలదు, కత్తి బరువే చాలును. ముందు గుడ్డపట్టెపై ఇరువది, పిదప తోలుపై నలువదియో ఏబదియో లాగుట వాడుక. అంకెకన్న నిలుకడ ముఖ్యము. పనియైన వెంటనే తడి తుడువవలెను. అంత సన్నని యంచునకు త్రుప్పు రాత్రిలో పట్టును.

మన కత్తికి ఒక సౌకర్యము కలదు. వీపే కోణమును నిర్ణయించును. వడ్రంగి యులికి అట్టి యాధారము లేదు. ఆతడు చెక్కకు అంటించిన తోలుపై ఉలిని వెనుకకు లాగుచు, ఇరువదియైదు మొదలు ముప్పది డిగ్రీల వాలును తన మణికట్టుతోనే నిలుపుకొనవలెను; లాగుట ముగియునప్పుడు చేయి పైకెత్తినచో అంచు గుండ్రబడును. ఈ విషయమున వడ్రంగి సోదరులు మనకన్న కష్టపడుచున్నారని ఒప్పుకొనక తప్పదు.

మెత్తని వెండ్రుక గట్టి ఉక్కునెట్లు పాడుచేయునని పిల్లలడుగుదురు. ఉక్కు వెండ్రుకకంటె సుమారు 50 రెట్లు గట్టిది. అయినను అంచు చెడును. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు సూక్ష్మదర్శినిక్రింద గీచి చూపిరి: వెండ్రుక వంగి ప్రక్కగా తగిలినప్పుడు, ఉక్కు అంతటను ఒకేవిధముగా లేనిచోట, అంచునుండి చిన్న పెచ్చులూడుచున్నవి. ఊడిన పెచ్చును తోలు అతికింపజాలదు. దానికి రాయియే శరణ్యము.

1904లో కింగ్ క్యాంప్ జిల్లెట్ తన క్షురమునకు అమెరికాలో పేటెంటు పొందినది మొదలు, నూరనక్కరలేని, వాడి పారవేయు బ్లేడు లోకమంతయు వ్యాపించెను. బ్లేడును యంత్రములోనే తోలుపై పదును పెట్టుకొను ఆటోస్ట్రాప్ అను క్షురమును కొంతకాలము నడచెను. ఆ కంపెనీ 1930లో జిల్లెట్‌లో కలిసిపోయెను.

ఇచ్చట ఒక మాట దాచరాదు. ఒకే కత్తిని పలువురికి వాడుటవలన కామెర్లు కలిగించు హెపటైటిస్ బి, సి క్రిములును, ఎయిడ్స్ క్రిమియు నెత్తుటిద్వారా సంక్రమింపవచ్చును. తోలును ఉడికించి శుద్ధి చేయ వీలులేదు. కావున వచ్చువారందఱికి పాతకత్తియే వాడుదుము, తాతలు చేయలేదా, అనువారితో మేమేకీభవింపము. మనిషికొక క్రొత్త బ్లేడు వాడవలసినదే. అందులకు సంకోచము కూడదు.

అయిన తోలుపట్టె యెందులకు? తన కత్తి తానుంచుకొను ఖాతాదారులు నేడును కలరు. ఒకరి కత్తి, ఒకరి పట్టె ఆ యొక్కరికే యను నియమముతో వారికి నూరి యీయవచ్చును. అది గౌరవమైన యాదాయము. అంతకన్న ముఖ్యమైనది వేఱొకటి కలదు. పట్టెపై చేయి కుదిరినవానికి కోణమును, ఒత్తిడియు తెలియును. అట్టి చేతిలో బ్లేడు సైతము చర్మమును గాయపఱుపదు. ఈ నేర్పులేని పిల్లవాడు గాటుపడిన ప్రతిసారి బ్లేడునే నిందించును.

మా యెఱుకలో ఈ పని చక్కగా తెలిసినవారిలో పెక్కురు వృద్ధులు. వారి చేయి వణకకముందే ప్రతి తాలూకాలోను ఇద్దఱు పెద్దలయొద్ద కొందఱు బాలురను కూర్చుండబెట్టవలెనని కార్యవర్గమునకు మనవి చేయుచున్నాము. గుఱువులకు ప్రయాణపు ఖర్చులు సంఘనిధినుండి ఈయవలెను. ఉచితముగా నేర్పుమని వృద్ధులనడుగుట న్యాయము కాదు. పిల్లలకు మొదటి నెల పాతతోలే ఈయుడు. ఎట్లును దానిని కోయుదురు.