తీర్మానం ఊరిది, తోడు మీది

వైద్యం, నర్సింగ్, సామాజిక సేవ చదివి పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

మీలో కొందరికైనా మొదటి పోస్టింగు ఏజెన్సీలోనే పడుతుంది. పాడేరో, రంపచోడవరమో, ఉట్నూరో. చేరిన రోజే ఎవరో ఒకరు చెబుతారు: "ఇక్కడందరూ తాగుతారండీ, ఎంత చెప్పినా వినరు." ఆ మాట నమ్మకండి. కొండల్లో తాగుడు కథ అంత తేలికైనది కాదు.

1879లో రంప కొండలు తిరగబడ్డాయి. అల్లూరి పోరాటానికి నాలుగు దశాబ్దాల ముందు మాట. అడవిబిడ్డలు ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కును అబ్కారీ చట్టం లాక్కుని గుత్తేదార్ల చేతిలో పెట్టడం, పైగా ఆ కొండలను ఏలే మున్సబుదారు కల్లు మీద చిగురుపన్ను గుంజడం ఆ ఫితూరీకి ముఖ్య కారణాలు. కొండరెడ్లకు గింజలు నిండుకునే రోజుల్లో మామిడి టెంక అంబలి, జీలుగు కల్లు కడుపు నింపేవి. గోండులకు పెళ్లికీ చావుకీ దేవుడి కొలుపుకీ ఇప్పసారా కావాలి. పాతకాలమంతా బంగారమని నేననను. ఇప్పసారా తాగినా కాలేయం చెడుతుంది, మొగుడి దెబ్బలు తిన్న ఆడవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ చెట్టు ఇచ్చినన్నాళ్లు, కొలుపు ఉన్నన్నాళ్లు తాగడం వేరు. నల్లబెల్లంతో కాచిన గుడుంబా, బెల్టు షాపులో క్వార్టరు సీసా ఏడాది పొడుగునా గుమ్మం ముందుకు రావడం వేరు. రెండోది వ్యాపారం. సంత రోజు కూలి డబ్బు చేతిలో పడగానే అది ఎదురొస్తుంది.

ఈ వ్యాపారాన్ని ఆపే హక్కు ఊరి చేతిలోనే ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకూ పంచాయతీకీ మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం ఇచ్చింది. ఆ సంగతి తెలిసిన గ్రామసభలు ఎన్ని అని మాత్రం అడక్కండి.

ఊళ్లు కదిలితే ఏమవుతుందో పక్కనే చూడొచ్చు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరొంచ. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ అక్కడ దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. వాళ్ల తోడుతో ఊళ్లు కూడబలుక్కుని ఉద్యమించి 1993లో జిల్లా అంతటా మద్యనిషేధం తెచ్చుకున్నాయి. నిషేధంతో పని అయిపోలేదు, దొంగసారా వచ్చింది. అందుకే 2016లో 'ముక్తిపథ్' మొదలైంది. ఊరూరా కమిటీలు, తాలూకా స్థాయిలో వ్యసన చికిత్స, సారా అమ్మేవాళ్లపై నిఘా, అన్నీ ఒకేసారి. పక్కనే ఉన్న చంద్రపూర్‌లో 2015లో పెట్టిన నిషేధాన్ని 2021లో ప్రభుత్వమే ఎత్తేసింది. మనకిది కొత్తా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ మొదలుపెట్టిన పోరాటం 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధింపజేసింది. 1997లో ఆ మద్యనిషేధం పోయింది. జీవో వస్తుంది, పోతుంది. ఊరి కమిటీ నిలబడితేనే ఏదైనా నిలుస్తుంది.

అయితే ఊరు తీర్మానం చేసిన మర్నాడు ఏం జరుగుతుందో మీకు తెలిసుండాలి. ఇరవై ఏళ్లుగా రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ఆ రోజే చేతులు వణుకుతాయి, గ్లాసులో నీళ్లు ఒలికిపోతాయి. ఒళ్లంతా చెమట, నిద్ర ఉండదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ముదిరితే, ఆ తర్వాత ఒంటి మీద లేని పురుగుల్ని చేత్తో దులుపుకుంటాడు, ఎవరో పిలుస్తున్నారని లేచి పరిగెడతాడు. ఊళ్లో గాలి సోకిందంటారు, కొందరు మళ్లీ ఓ గుక్క పోస్తారు. అది ప్రాణం తీసే స్థితి. డయాజిపామ్ లాంటి మందు సరైన మోతాదులో, థయమిన్ ఇంజెక్షన్, కనిపెట్టుకుని ఉండే ఓ మనిషి కావాలి. గ్లూకోజు ఎక్కించే తొందరలో థయమిన్ మరవకండి. మానేసినవాడు చనిపోతే ఆ ఊళ్లో ఇంకెవరూ మానరు, తీర్మానమూ గాలికి పోతుంది.

మరో మాట. మీ క్వార్టర్స్‌లో సాయంత్రం సీసాలు తెరిచి, పొద్దున్నే ఊళ్లో నీతులు చెబితే ఊరు నవ్వుకుంటుంది. ముందే రాసిపెట్టుకున్న తీర్మానం తీసుకెళ్లి వేలిముద్రలు వేయించడం కూడా అలాంటిదే. కూలి నుంచి వచ్చాక, వంటలయ్యాక కూర్చోండి. ఆడవాళ్లు మాట్లాడేదాకా ఆగండి. తాగే మగవాళ్లనూ పిలవండి, వాళ్లు లేని తీర్మానం వారం కూడా నిలవదు. కోయో, గోండీయో, సవరో, అక్కడి భాష పది మాటలైనా నేర్చుకుని వెళ్లండి. కొలుపుకు పోసే ఇప్పసారా ఉండాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకుంటారు, అందులో మీరు తలదూర్చకండి.

నా విన్నపం ఒక్కటే. మీరు చేరే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం రెండు మంచాలు విడిగా ఉంచండి. ఊరు తీర్మానం చేయకముందే ఉంచండి.