న్యాయపీఠమున స్త్రీ



తగవులు తీర్చు చోటు ప్రతి గ్రామమునను ఒకటి యుండెడిది. రావిచెట్టు క్రింద రచ్చబండ, దానిపై పెద్దమనుషులు, ఎదుట వాది ప్రతివాదులు, చుట్టును జనము. ఆ జనములో స్త్రీయు నుండెను. మగడు విడనాడెనని, మరిది పొలము పంచి యీయలేదని మొరపెట్టుకొనుటకు ఆమె అచటికి వచ్చెడిది. సాక్ష్యము చెప్పెడిది. తప్పు మోపబడినప్పుడు తల వంచుకొని నిలిచెడిది. కాని రచ్చబండపై కూర్చుండి తీర్పు చెప్పు అధికారము మాత్రము ఆమెకు లేకుండెను. తన బ్రతుకును గూర్చిన తగవులో సైతము ఆమె విన్నవించుకొనునదియే గాని విని నిర్ణయించునది కాదు.

ఇది తెలుగు పల్లెల కథ మాత్రమే కాదు. నాగరకతకు తామే పుట్టినిండ్లమని చెప్పుకొన్న దేశములలోను చిరకాలము ఇదే స్థితి. అచటి రచ్చబండకు హైకోర్టు అనియు, సుప్రీంకోర్టు అనియు పేరు. భేదము పేరులోనే గాని రీతిలో లేదు. ఆ పీఠములపైకి స్త్రీ యెట్లు చేరెను, నేడు ఎంతవరకు చేరెను అను విషయము విచారింపదగినది.

1916వ సంవత్సరమున భూగోళమునకు రెండు వైపుల రెండు ఘటనలు జరిగినవి. కెనడా దేశమున ఎడ్మంటన్ నగరమందు ఎమిలీ మర్ఫీ అను నామె మేజిస్ట్రేటుగా నియమింపబడెను. ఆమె న్యాయస్థానమున కూర్చున్న తొలిదినముననే ఒక న్యాయవాది లేచి, చట్టము ప్రకారము ఆమె ‘వ్యక్తి’ కాదు గనుక ఆ యాసనమున కూర్చుండుటకు అర్హురాలు కాదని ఆక్షేపించెను. అదే యేట కలకత్తాలో రెజీనా గుహ అను న్యాయశాస్త్ర పట్టభద్రురాలు ప్లీడరుగా తన పేరు నమోదు చేయుమని కోరెను. కలకత్తా హైకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులు కూర్చుండి విచారించి, 1879 నాటి చట్టమున ‘వ్యక్తి’ అను పదమున్నను అది పురుషుని యుద్దేశించినదే యని చెప్పి ఆమె కోరికను త్రోసిపుచ్చిరి. 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాలా హజ్రా విషయమున అదే మార్గమును అనుసరించెను.

పన్ను కట్టునప్పుడు స్త్రీ వ్యక్తియే. నేరము చేసి చెరసాలకు పోవునప్పుడును వ్యక్తియే. పదవి యొద్దకు వచ్చునప్పుడు మాత్రము ఆమె వ్యక్తి కాకపోవుట ఆ కాలపు న్యాయశాస్త్రములోని వింత!

కెనడాలో ఎమిలీ మర్ఫీ ఊరకుండలేదు. మరి నలుగురు స్త్రీలతో చేరి, సెనేటు సభ్యత్వము విషయమున ‘వ్యక్తి’ అను పదమునకు అర్థమేమో తేల్చుమని 1927లో ప్రభుత్వమునకు అర్జీ పెట్టెను. 1928లో కెనడా సుప్రీంకోర్టు స్త్రీ అర్హురాలు కాదనెను. వారు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయిరి. 1929 అక్టోబరు 18వ తేదీన లార్డు సాంకీ తీర్పు చెప్పుచు, ఆ పదము స్త్రీపురుషు లిరువురకును వర్తించుననియు, స్త్రీలను పదవులకు దూరముంచుట అనాగరిక కాలపు అవశేషమనియు నిర్ణయించెను.

భారతదేశమున ఈ ద్వారము మొదట తట్టినవారిలో కార్నీలియా సొరాబ్జీని స్మరింపవలెను. 1892లోనే ఆమె ఆక్స్ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష నిచ్చినను, స్త్రీలకు పట్టము లీయని ఆచారము వలన పట్టము 1922లో గాని చేతికి రాలేదు. ముప్పదియేండ్లు! ఈలోగా ఆమె ఘోషాలోనున్న జమీందారీ వితంతువులకు న్యాయసలహాదారుగా పనిచేసెను. పరపురుషునికి ముఖము చూపరాని ఆ స్త్రీలు తమ యాస్తిని ఇతరులు కాజేయుచున్నను ఏ వకీలుతోను చెప్పుకొనలేకుండిరి. స్త్రీ న్యాయవాదిని యగుట ఎందులకను ప్రశ్నకు ఆ అంతఃపురములే సమాధానము. 1921లో అలహాబాదు హైకోర్టు సొరాబ్జీ పేరు నమోదు చేసికొనెను. 1923లో ప్రత్యేక చట్టమే వచ్చి, స్త్రీ యైన కారణమున న్యాయవాదవృత్తికి ఎవరును అనర్హులు కారని శాసించెను.

న్యాయవాది కానిదే న్యాయమూర్తి కాజాలరు గదా! ద్వారము తెరచిన ముప్పదియారేండ్లకు ఒక స్త్రీ హైకోర్టు పీఠము నెక్కెను. ఆమె అన్నా చాందీ. 1905లో తిరువాన్కూరు సంస్థానమున జన్మించి, న్యాయశాస్త్రమభ్యసించి, క్రిమినలు వ్యాజ్యెములలో దిట్టయని పేరు గడించెను. ‘శ్రీమతి’ అను మలయాళ పత్రికను నడపెను. స్త్రీలకు సర్కారు కొలువు లీయరాదను వాదము ఆ సంస్థానమున బలముగా సాగుచున్న దినములలో, సభలలో నిలిచి ఆ వాదమును అంశము వెంట అంశముగా ఖండించెను. మరియొక విశేషము: తిరువాన్కూరులో స్త్రీలకు ఉరిశిక్ష నుండి మినహాయింపు కలదు. ఆ మినహాయింపును సైతము ఆమె వలదనెను. సమానత కోరువారు తమకు లాభమైనచోట మాత్రమే కోరరాదను నిష్ఠ అందు కనబడును.

1937లో ఆమె మునసబైనది. 1948లో జిల్లా జడ్జి. 1959 ఫిబ్రవరి 9వ తేదీన కేరళ హైకోర్టు న్యాయమూర్తి. 1967 వరకు ఆ పదవిలో నుండెను. ఇంగ్లండులో ఎలిజబెత్ లేన్ హైకోర్టు న్యాయమూర్తి యగుట 1965లో. అనగా చట్టము నేర్పిన దొరల దేశమునకంటె భారతదేశము ఆరేండ్లు ముందు నడచినది. అమెరికాలో మాత్రము ఒహాయో రాష్ట్ర సుప్రీంకోర్టుకు ఫ్లారెన్స్ ఆలెన్ 1922లోనే ప్రజల వోట్లతో ఎన్నికయ్యెను.

1978వ సంవత్సరము గుర్తుంచుకొనదగినది. ఆ యేట బొంబాయి హైకోర్టున సుజాతా మనోహర్, ఢిల్లీ హైకోర్టున లీలా సేథ్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టున అమరేశ్వరి న్యాయమూర్తులైరి. తెలుగునాట హైకోర్టు పీఠము నెక్కిన తొలి మహిళ అమరేశ్వరియే. లీలా సేథ్ 1991లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టునకు ప్రధానన్యాయమూర్తియై, దేశమున ఆ పదవి పొందిన మొదటి స్త్రీ యయ్యెను. అటుపిమ్మట హైదరాబాదు హైకోర్టున పనిచేసిన టి. మీనాకుమారి 2013లో మేఘాలయ హైకోర్టునకు, జి. రోహిణి 2014లో ఢిల్లీ హైకోర్టునకు ప్రధానన్యాయమూర్తులైరి. 2021లో హిమా కోహ్లీ తెలంగాణ హైకోర్టునకు తొలి మహిళా ప్రధానన్యాయమూర్తిగా వచ్చెను.

సుప్రీంకోర్టు మాట వేరు. 1950లో ఆ న్యాయస్థానము స్థాపింపబడగా, 1989లో గాని ఫాతిమా బీవీ నియామకము జరుగలేదు. 1950 మొదలు 2021 వరకు అందు నియుక్తులైన స్త్రీలు మొత్తము 11 మంది. వారిలో ముగ్గురు 2021 ఆగస్టు 31న ఒక్క దినముననే ప్రమాణము చేసిరి. 2025లో బేలా త్రివేది పదవీవిరమణ చేసిన పిమ్మట అచట స్త్రీలలో బి. వి. నాగరత్న ఒక్కరే మిగిలిరి.

ఇతర దేశములలో అమెరికా సుప్రీంకోర్టునకు 1981లో సాండ్రా డే ఓకానర్ తొలి మహిళగా వచ్చెను. 1952లో ఉన్నతశ్రేణిలో పట్టము పొందిన ఆమెకు న్యాయవాదుల కంపెనీలు గుమాస్తా పని తప్ప వేరొకటి చూపలేదు! 2022 నాటికి అచట తొమ్మండుగురిలో నలుగురు స్త్రీలైరి. ఇరుగుపొరుగున శ్రీలంకలో 2011లోను, నేపాలులో 2016లోను స్త్రీలు ప్రధానన్యాయమూర్తులైరి. పాకిస్తాను సుప్రీంకోర్టున ఆయేషా మలిక్ 2022లో తొలి మహిళా న్యాయమూర్తి యయ్యెను.

ఇచ్చట ఒక శంక పుట్టును. న్యాయము త్రాసు వంటిది; త్రాసు పట్టిన చేయి ఆడదైననేమి, మగదైననేమి? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అప్పుపత్రము, సరిహద్దు తగాదా వంటివానిలో నిజముగా భేదము లేదు. కెనడా సుప్రీంకోర్టునకు 1982లో తొలి మహిళగా వచ్చిన బెర్తా విల్సన్ కూడ ఈ మాటను ఒప్పుకొనెను. కాని అన్నియు అట్టి వ్యాజ్యెములు కావు. 1990లో ఆమె ముందుకు ఒక కేసు వచ్చెను. ఏండ్ల తరబడి దెబ్బలు తినిన స్త్రీ తన్ను హింసించువానిని కాల్చి చంపెను. అతడు ఆ క్షణమున ఆయుధమెత్తలేదు గనుక ఆత్మరక్షణ కాదని అభియోగపక్షము వాదన. సమానబలముగల ఇద్దరు మగవారు కలియబడునప్పుడు పుట్టిన సూత్రమును, ఇంటిలో దినదినము భయముతో బ్రతుకు స్త్రీకి అట్లే తగిలింపరాదని విల్సన్ తీర్పు వ్రాసెను. చట్టము మారలేదు, చట్టమునకు ఇంతకుముందు కనబడని యొక ఇల్లు కనబడినది.

2009లో అమెరికాలో పదుమూడేండ్ల బాలికను, మాత్రలు దాచెనను అనుమానమున పాఠశాలలో బట్టలు విప్పించి సోదాచేసిన వ్యవహారము సుప్రీంకోర్టునకు వచ్చెను. విచారణలో కొందరు న్యాయమూర్తులకు అది పెద్ద విషయముగా తోచలేదు. అప్పటికి అచట ఏకైక స్త్రీయైన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, తన సహచరు లెన్నడును పదుమూడేండ్ల బాలికలు కారుగదా యని పత్రికలతో అనెను. తుదకు కోర్టు ఆ సోదా తప్పని తేల్చెను. భారతదేశమున 1997లో పనిచేయుచోట స్త్రీలకు రక్షణ కల్పించిన విశాఖ తీర్పు నిచ్చిన ముగ్గురిలో సుజాతా మనోహర్ ఒకరు. మిగిలిన యిద్దరు పురుషులే. స్త్రీలే స్త్రీలకు న్యాయము చేయుదురనుట సరికాదు; అందరి బ్రతుకులు తెలిసినవారు కలసి కూర్చున్నచో న్యాయము నిండుగా నుండును.

నేటి లెక్క యేమి? 2025 నాటికి భారతదేశపు హైకోర్టులలో నూరుగురు న్యాయమూర్తులకు స్త్రీలు సుమారు 14 మంది. జిల్లా న్యాయస్థానములలో మాత్రము నూటికి సుమారు 38 మంది. ఈ రెండు అంకెల మధ్యనే అసలు సంగతి దాగియున్నది. క్రింది న్యాయస్థానములకు పోటీపరీక్ష కలదు. జవాబుపత్రమునకు ఆడ మగ తెలియదు. హైకోర్టులకు పరీక్ష లేదు. పెద్దలు ఏరి సిఫారసు చేయుదురు. సాధారణముగా నలుబదియైదేండ్లు దాటిన న్యాయవాదులలో పేరుగాంచినవారి నేరుదురు. బిడ్డలను పెంచు వయసున వృత్తి విడచిన స్త్రీ ఆ వరుసలో ఉండదు. పెద్ద వ్యాజ్యెములును, ప్రభుత్వ వకీలు పదవులును ఆమెకు అరుదు. ఎన్నియో కోర్టులలో స్త్రీలకు సరియైన మరుగుదొడ్డి సైతము లేని దినములు గడచినవి. జిల్లా జడ్జిగా పైకి వచ్చునామెకు హైకోర్టు చేరునప్పటికి వయసు మీరును, అరువదిరెండేండ్లకు విరమణ. సుప్రీంకోర్టునకు పోవు తాహతు వచ్చునప్పటికే గడువు తీరును.

ఫ్రాన్సు దేశము దీనికి తారుమారైన ఉదాహరణము. అచట 1946 వరకు స్త్రీకి న్యాయమూర్తిపదవి నిషిద్ధము. కాని పిమ్మట పరీక్షాపద్ధతియే ప్రధానమగుటచే నేడు న్యాయమూర్తులలో స్త్రీలే అధికులు. కాగా లోపము స్త్రీల తెలివిలో లేదు, త్రోవలోనే యున్నది. త్రోవ మార్చుట సమాజము చేతిలోని పని.

ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానించి మార్చి 10వ తేదీని మహిళా న్యాయమూర్తుల దినముగా ప్రకటించినది. దినములు జరుపుట మంచిదే. కాని న్యాయపీఠమునకు పోవు బాట రాజధానిలో మొదలుకాదు. అది పల్లెలోని బడి నుండి, గ్రంథాలయపు బల్ల నుండి మొదలగును. తిరువాన్కూరులో ఒక బాలిక చేతికి పుస్తక మీయకుండినచో అన్నా చాందీ ఉండెడిది కాదు. సాయంకాలము పత్రిక చదువుటకు అన్నతోపాటు చెల్లెలును గ్రంథాలయమునకు వచ్చునట్లు ఏ యింటివారు చేయుదురో, ఆ యింటివారు రేపటి న్యాయస్థానమునకు ఒక రాయి పేర్చినవారే యగుదురు. రచ్చబండ క్రింద తరతరములుగా నిలుచున్న స్త్రీకి దానిపై చోటు చూపుట దయ కాదు. ఎన్నడో తీర్చవలసిన ఋణము.