గజమార్గ రక్షణము



గజేంద్రుని కథ మనకందరకును తెలిసినదే. మకరి పట్టుకొనుట, గజరాజు మొర పెట్టుట, శ్రీహరి పరుగున వచ్చుట మనము తలచుకొనుచుందుము. అంతకు ముందు జరిగినదానిని మాత్రము అంతగా తలచము. దప్పిగొన్న ఏనుగుల గుంపు త్రికూట పర్వతారణ్యమున నీటికై నడచినది. దారి తెరచియుండెను గనుకనే కొలను చేరగలిగినది. నేడు ఆ దారియే మూసుకొనిపోవుచున్నది.

ఏనుగు ఒక్కచోట నిలిచి బ్రతుకు జంతువు కాదు. పెద్ద ఏనుగునకు దినమునకు సుమారు 150 కిలోల మేతయు, 100 లీటర్లకు పైగా నీరును కావలెను. కావున ఋతువును బట్టి ఒక అడవి నుండి మరియొక అడవికి సాగిపోవును. గుంపును నడిపించునది వయసు మీరిన ఆడ ఏనుగు. ఏ వేసవిలో ఏ మడుగున నీరుండునో దానికి గుర్తు. ఆ బాటకడ్డముగా కంచెయో, భవనమో లేచినచో గుంపు దారి తప్పి పొలములపై పడును. అడవులు విడివడి చిన్న గుంపులు చిక్కుకొనిపోయినచో, దగ్గరి బంధువులలోనే సంతతి కలిగి జాతి బలము తగ్గును.

2023లో కేంద్ర ప్రభుత్వము దేశమున ఇట్టి మార్గములు 150 కలవని ప్రకటించినది. నీలగిరుల దిగువనున్న సీగూరు పీఠభూమిని చూడుడు. ఒక ప్రక్క నిటారైన కొండలు, మరియొక ప్రక్క మోయారు నది లోతైన లోయ. నడుమనున్న నేలయే పడమటి కనుమల నుండి తూర్పు కనుమలకు ఏనుగుల బాట. అచ్చట యాత్రికుల విడుదులు, కంచెలు పెరిగినవి. 2010లో తమిళనాడు ప్రభుత్వము దానిని గజమార్గముగా ప్రకటింపగా, 2020 అక్టోబరు 14న సుప్రీంకోర్టు ఆ ప్రకటనను సమర్థించినది.

ఇది పరాయి సీమ మాట కాదు. 1980 దశకమున తమిళనాడు అడవుల నుండి ఏనుగులు మన చిత్తూరు జిల్లా కుప్పం, పలమనేరు ప్రాంతములకు వచ్చినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అయినను అడవిని ఆనుకొనియే చేలున్నవి. ఒక్క రాత్రిలో ఏడాది కష్టము పోగొట్టుకొన్న రైతును నిందించుట ధర్మము కాదు. అతనికి పరిహారము ఆలస్యము లేక అందవలెను. అయితే చేని చుట్టును కరెంటు తీగె కట్టుట ఘోరము. అది ఏనుగును చంపును. చీకటిలో నడచు మనుష్యుని కూడ చంపును.

అన్నదానము, జలదానము ఎరిగిన మనము మార్గదానమును కూడ ఎరుగవలెను. ఏనుగుల బాటలో స్థలము కొనకుండుట, అచ్చటి విడుదులలో దిగకుండుట, అడవి చెరువులను ఆక్రమింపకుండుట మనకు సాధ్యమైన పనులే. గజేంద్రుని కొలను నుండి విడిపించినవాడు శ్రీహరి. కొలనుకు పోవు దారిని విడిచిపెట్టుట మాత్రము మన వంతు.

స్వస్తి.