కొలిచే లోహమే కొలతను చెడగొడితే

మస్కట్ నుంచి మాట్లాడుతున్నాను. ఐటీఐ చదివిన సైట్ సూపర్‌వైజర్‌ని, సైంటిస్టును కాను. అయినా ఈ వారం సంగతి మనం రోజూ చూసే అల్యూమినియం గురించే.

ఎలక్ట్రాన్‌కి స్పిన్ ఉంటుంది: పైకి, లేదా కిందికి. అయస్కాంత పదార్థంలోంచి వచ్చేవాటిలో ఎటువైపువి ఎన్ని? 1970ల మొదట్లో ఎంఐటీలో మెసర్వీ, టెడ్రో దీనికి దారి చూపారు. పల్చటి అల్యూమినియం పొరను బాగా చల్లబరిస్తే సూపర్‌కండక్టర్ అవుతుంది. గట్టి అయస్కాంత క్షేత్రంలో పెడితే దాని గుమ్మం రెండవుతుంది, ఒక్కో స్పిన్‌కి ఒక్కోటి. ఏ గుమ్మంలో ఎంత కరెంటు వచ్చిందో చూసి లెక్క కట్టడమే. బరువైన లోహాలైతే స్పిన్‌ను తిరగేసి, రెండు గుమ్మాల్నీ కలిపేస్తాయి.

చిక్కంతా ఆక్సైడ్ ఫిల్ములతో. మన కిటికీ ఫ్రేము పాడవకుండా ఉండేది, అల్యూమినియం ఆక్సిజన్ లాక్కుని పైన పొర కట్టుకోబట్టే. అదే బుద్ధి ల్యాబ్‌లోనూ! ఫిల్ము మీద నేరుగా వేస్తే దాని ఆక్సిజనే లాగేస్తుంది. అప్పుడు కొలత తక్కువొస్తే తప్పు పదార్థానిదా, చెడిన పైపొరదా?

స్టాన్‌ఫర్డ్‌లో వర్లెడ్జ్, గెబాల్ మధ్యలో స్ట్రాన్షియం టైటనేట్‌ని అడ్డుగోడగా పెట్టి కొలిచారు. 2000లో లాంథనం స్ట్రాన్షియం మాంగనైట్‌కి 72 శాతం అని తేల్చారు. అంటే నూటికి 86 ఒకవైపు, 14 మరోవైపు.

పదార్థాన్ని అనుమానించే ముందు టేపును చూసుకోవాలి. ఉంటానండీ.