వెనక సీటులో కూర్చునేవారి మాట



ఇవాళ మీతో కారు గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని వచ్చాను. "కారు సంగతి మనకెందుకమ్మా, అది మగవాళ్ళ గొడవ కదా" అంటారేమో. నిరుడు వేసవి దాకా నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకుని నోరు మూసుకున్నందుకు మా అత్తగారు ఆరు వారాలు మంచాన పడ్డారు. అందుకే ఈ ప్రసంగం.

మాది బందరు. అమ్మాయిని గుడివాడ ఇచ్చాం. అత్తగారి పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర. మా వారి ఆఫీసు సరే, పెళ్ళిళ్ళూ పేరంటాలూ, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి మొక్కులూ, మనవడి పుట్టినరోజులూ... మా చిన్నకారుకి ఒక్కరోజు విశ్రాంతి ఉండదు. కొన్ని నెలలుగా గుంట వచ్చినప్పుడల్లా వెనక సీటు కింద టక్ టక్‌మని చప్పుడు వినిపిస్తూ ఉండేది. బండి ఒకసారి ఎగిరితే మూడు నాలుగుసార్లు ఊగి గాని నిలిచేది కాదు. ముందు కూర్చుని నడిపే మా వారికి అది తెలియలేదు. నాకు తెలుసు. తెలిసీ, "నాకేం అర్థమవుతుందిలే" అని ఊరుకున్నాను.

ఒకరోజు నాగాయలంక నుంచి తిరిగి వస్తున్నాం. అయిదుగురం మనుషులం. డిక్కీలో 25 కిలోల బియ్యం సంచులు నాలుగు. మునిమాపు వేళ. ఒక ఊరి మొదట్లో రంగు వెయ్యని స్పీడ్ బ్రేకరు కనబడలేదు. బండి వెనక భాగం ధన్‌మని కొట్టుకుంది. అత్తగారు సీటు మీంచి లేచి పడ్డారు. "ఏం లేదులే" అన్నారు గాని, మర్నాడు పక్క మీంచి లేవలేకపోయారు. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస ఒకటి అణిగిపోయిందన్నారు. వయసు మీరిన ఆడవాళ్ళలో ఎముకలు గుల్లబారతాయి, అటువంటి ఎముకకి ఆ కుదుపే చాలు అన్నారు డాక్టరుగారు.

మా వారు ఎంతో బాధపడ్డారు. వెంటనే షెడ్డుకి వెళ్ళి, "గట్టి స్ప్రింగులు వేసెయ్యండి, బండి ఎత్తు కూడా పెంచండి" అన్నారు. ఒకచోట స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు చూపించి, ఇవి పెడితే ఇక కింద తగలదు అన్నారట. మా వారు దాదాపు ఒప్పుకుని వచ్చారు. ఆ మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. ఈసారి వేరే షెడ్డు. అక్కడి పెద్ద మేస్త్రీగారు ఓపిగ్గా అన్నీ విప్పి చూపించారు. అప్పుడు నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

కారు కింద ముఖ్యంగా రెండు వస్తువులుంటాయి. ఒకటి స్ప్రింగు. అది బరువు మోస్తుంది, గుంటలో అణిగి పైకి లేస్తుంది. రెండోది షాక్ అబ్జార్బరు, షెడ్డు భాషలో షాకప్పు. ఉయ్యాలని ఊపి వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది కదా, చేత్తో పట్టి ఆపితే ఆగుతుంది. ఆ చెయ్యి పని షాకప్పుది. దాని లోపల నూనె ఉంటుంది. అది సన్నని బెజ్జాల గుండా అటూ ఇటూ పోతూ ఊపుని వేడిగా మార్చి హరించేస్తుంది. నూనె కారిపోతే ఆ చెయ్యి తీసేసినట్టే. మా బండిలో వెనక షాకప్పులు రెండూ చెమ్మగా, జిడ్డుగా ఉన్నాయి. రబ్బరు బుష్షులు పగిలిపోయాయి. నేను విన్న టక్ టక్ అదీ!

ఆ రోజు ఏం జరిగిందో లెక్క వేసి చూడండి. మనిషికి 60 కిలోల చొప్పున అయిదుగురం 300. బియ్యం 100. మొత్తం 400 కిలోలు. చిన్నకారుకి అది నిండా బరువే, అందులో పెద్ద భాగం వెనక్కే పడింది. స్ప్రింగు అప్పటికే అణిగి ఉంది. ఇంక అణగడానికి చోటు లేక, చివర ఉండే రబ్బరు దిమ్మకి వెళ్ళి కొట్టుకుంది. ఆ దెబ్బే సీటు లోంచి అత్తగారి నడుముకి తగిలింది. పైగా వెనక సీటు వెనక చక్రాలకి దగ్గరగా ఉంటుంది. అందుకే అదే గుంటలో ముందువారి కంటే వెనకవారికి కుదుపు ఎక్కువ.

మరి గట్టి స్ప్రింగులు వేస్తే? బరువున్నప్పుడు బండి కిందికి దిగదు, నిజమే. కాని నెలలో ఒక్కరోజు బియ్యం తెస్తాం, మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఖాళీ బండిలోనే తిరుగుతాం. అప్పుడు ఆ గట్టిదనమంతా కూర్చున్నవారి వెన్నుకే. రబ్బరు బఫర్లూ అంతే. స్ప్రింగు అణిగే చోటుని అవి ఆక్రమిస్తాయి. బండి ఎత్తు పెంచితే మలుపుల్లో ఒరుగు కూడా పెరుగుతుంది. ఇంకో సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు బీమావారితో పేచీ రావచ్చు.

మెత్తదనం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ముచ్చట. ఫ్రాన్సు దేశంలో సిట్రోయెన్ కంపెనీవారు పల్లెటూరి రైతుల కోసం ఒక చవక కారు తలపెట్టినప్పుడు పెద్ద అధికారి పియెర్ బూలాంజే పెట్టిన షరతు ఏమిటో తెలుసా? దున్నిన పొలంలో నడిపినా బుట్టలో గుడ్డు పగలకూడదని! 1948లో పారిస్ ప్రదర్శనలో ఆ కారు బయటికి వచ్చింది. దానికి వేసినవి గట్టి స్ప్రింగులు కావు, బాగా మెత్తనివి, ఎక్కువ దూరం అణిగేవి. మన అంబాసిడర్‌కి వెనక కమాన్‌కట్టలు ఉండేవి. 2014 దాకా తయారైన ఆ బండి ఎంతమందినైనా మోసింది, కాని ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఎగరేసేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మన డెల్టా సంగతి వేరే చెప్పాలా? నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది. దాని మీద వేసిన రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. కాలవగట్ల మీద మరీను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 లెక్కలో, 25 కిలోమీటర్ల వేగానికి వేసే స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తూ, 3.7 మీటర్ల వెడల్పూ ఉండాలి. మన ఊళ్ళలో కొన్ని చూస్తే దూలం అడ్డంగా పడుకోబెట్టినట్టే ఉంటాయి! ఇక బందరు వంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పడతాయి. బండి కడిగేటప్పుడు కింద కూడా మంచినీళ్ళతో కడిగించండి.

చివరికి మేం ఏం చేశామంటే, వెనక షాకప్పులు రెండూ కలిపి మార్చాం. ఒక్కటే మార్చకూడదు, ఒక ఇరుసుకి ఉన్న జత మొత్తం మార్చాలి. మా బండికి సరిపోయే కొలతల్లోనే గ్యాసు నింపినవి తీసుకున్నాం. మజ్జిగ చిలికితే నురగ వచ్చినట్టు, గతుకుల్లో ఎడతెగకుండా తిరిగితే షాకప్పు నూనె కూడా నురగ కడుతుంది. లోపల ఒత్తిడితో ఉన్న నైట్రోజన్ ఆ నురగని అణిచి ఉంచుతుంది. పగిలిన బుష్షులు మార్పించాం. చక్రాల అలైన్‌మెంటు చేయించాం. టైర్లలో గాలి, తలుపు దగ్గర చీటీ మీద రాసినంతే పెట్టిస్తున్నాం. బఫర్లు వద్దన్నాం. బియ్యం ఇప్పుడు లగేజీ ఆటోలో వస్తున్నాయి.

మీరూ మీ బండిని ఒకసారి చూడండి. ఆగి ఉన్నప్పుడు ఒక మూల రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిదే. ఊగుతూనే ఉంటే షాకప్పు పోయినట్టు. బ్రేకు వేస్తే ముక్కు నేలకు వంచుతోందా? టైరు అక్కడక్కడ గుంటలుగా అరిగిందా? ఒక పక్కకి ఒరిగి నిలబడుతోందా? ఇవన్నీ గుర్తులే. అరిగిన షాకప్పులతో బ్రేకు వేస్తే బండి ఆగే దూరం కూడా పెరుగుతుంది సుమా! అలాగే వెనక సీటులోనూ బెల్టు పెట్టుకోవాలన్నది చట్టం. ఆనాడు అత్తగారు బెల్టు పెట్టుకుని ఉంటే అంత ఎత్తు లేచేవారు కాదు.

కూర చట్టిలో ఉడుకు శబ్దాన్నిబట్టి నీళ్ళు ఇగిరాయో లేదో చెప్పగల చెవులమ్మా మనవి. కారులో కొత్త చప్పుడు వినిపిస్తే, "నాకేం తెలుసు" అని ఊరుకోకండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, "ఫలానా చోట, ఫలానా వేళ మోగుతోంది" అని చెప్పండి.

భగవంతుడి దయవల్ల అత్తగారు లేచి తిరుగుతున్నారు. మొన్న మోపిదేవి వెళ్ళాం. ఇప్పుడు ఆవిడ చోటు ముందు సీటు. నాది వెనక. ఊరు దాటగానే మా వారు వెనక్కి అద్దంలో చూసి, "ఏమోయ్, ఏమైనా చప్పుడు వినిపిస్తోందా?" అని అడిగారు.

ఇక సెలవు.