ఇంకొక సీసా ఎక్కించవలెనా?

(స్వస్థత పరిచర్య ఆదివారమున చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండమునకు నూరేండ్లు నిండిన ఈ తరుణములో స్వస్థత పరిచర్యను గూర్చి మాటలాడుమని పెద్దలు మమ్మును కోరిరి. మమ్మును కలవరపెట్టిన ఒక ప్రశ్నతో ఆరంభింతుము.

మన సంఘపు దంపతులకు పుట్టిన బిడ్డ ఊపిరి అందక, పట్టణములోని ఒక ఆసుపత్రిలో ఎక్మో అను యంత్రముపై ఉండెను. పదవ దినమున ప్రభువు ఆ పసివానిని తన యొద్దకు పిలుచుకొనెను. సమాధుల తోట నుండి తిరిగి వచ్చుచు తండ్రి మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, ఆ రాత్రి ఇంకొక సీసా ఎక్కించమంటే డాక్టరుగారు వినలేదండి. ఎక్కించి ఉంటే నా కొడుకు బ్రతికేవాడేమో!" అనెను. మేము ఓదార్చితిమి గాని జవాబు చెప్పలేకపోతిమి. తరువాత ఆ వైద్యుని యొద్దకు పోయి అడిగి తెలిసికొంటిమి.

ఎక్మో యంత్రము శిశువు మెడలోని పెద్ద సిర నుండి రక్తమును బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి, తిరిగి లోనికి పంపును. 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డాక్టరు రాబర్ట్ బార్ట్‌లెట్ తొలిసారిగా ఒక నవజాత శిశువును ఈ విధముగా బ్రతికించెను. ఆ పాపకు ఎస్పరాంజా అని పేరు పెట్టిరి. స్పానిషు భాషలో దానికి నిరీక్షణ అని అర్థము.

మూడు కిలోల శిశువులో ఉండు రక్తము సుమారు పావు లీటరే. అందుచేత వైద్యులు సాధారణముగా ఒక తడవకు కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున, అనగా రెండు పెద్ద చెంచాలంత ద్రవము మాత్రమే ఇత్తురు. మనము సీసాలతో లెక్కింతుము, వారు చెంచాలతో కొలుతురు.

ఏ ద్రవము ఇవ్వవలెను? సెలైన్ చౌకగా దొరకును గాని, ఎక్కువైనచో రక్తములో ఆమ్లము పెరుగును. రింగర్ లాక్టేటులో ఆ చిక్కు తక్కువ. ఆల్బుమిన్ మనుష్యుల రక్తము నుండి తీసిన మాంసకృత్తు. అది రక్తనాళములలో ఎక్కువసేపు నిలుచును గాని ఖరీదైనది. జబ్బు వలన నాళముల గోడలు కారుచున్నప్పుడు అదియు బయటికి జారును. బిడ్డ ఉబ్బును, ఊపిరితిత్తులలో నీరు చేరును. రక్తము పోయినయెడల రక్తమే కావలెను.

2004లో ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో దాదాపు 7,000 మంది పెద్దవారిపై జరిగిన పరిశోధనలో, ఆల్బుమిన్‌కును సెలైన్‌కును మధ్య మరణముల లెక్కలో భేదము కనబడలేదు. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్ర జ్వరముతోనున్న పిల్లలను పరిశోధించిరి. వేగముగా ద్రవము ఎక్కించినవారిలో 48 గంటలలో నూటికి పదిమందికి పైగా మరణించిరి. అట్లు ఎక్కించనివారిలో సుమారు ఏడుగురు. వారు యంత్రముపైనున్న నవజాతులు కారు. అయినను, మంచి మనస్సుతో పోసినదియు హాని చేయగలదని లోకము నేర్చుకొనెను.

ఆ రాత్రి యంత్రపు గొట్టము అదరెను. పంపుకు రక్తము చాలనప్పుడు అట్లు అదురును. ద్రవము పోసిన ఆగవచ్చును. కాని గొట్టము నొక్కుకొనినను, స్థానము తప్పినను, రొమ్ములో గాలి చేరినను అట్లే అదురును. వైద్యుడు పోయుటకు ముందు కారణము వెదకెను. బిడ్డ మెడ ఒరిగి గొట్టము నొక్కుకొనియుండెను. సరిచేయగానే అదురు ఆగెను. అప్పటికే ఉబ్బియున్న బిడ్డకు మరి ద్రవము ఇవ్వలేదు. ఆ బిడ్డ పోయినది నీరు చాలక కాదు, ఊపిరితిత్తులు కోలుకొనక.

ఈ సంగతి చెప్పగా తండ్రి చాలసేపు ఏడ్చి, "అయితే ఆయనను నిందించకూడదండి," అనెను.

మంచి సమరయుడు గాయపడినవానిని మొదట చూచెను. తరువాతనే నూనెయు ద్రాక్షారసమును పోసెను. చూడక పోయుట కనికరమువలె కనబడును గాని, కనికరము కాదు.

కాబట్టి సహోదరులారా, ఆసుపత్రి వాకిట "ఇంకొక సీసా" అని ఒత్తిడి చేయకుడి. "బిడ్డకు ఏమి తక్కువైనది? ఏమి ఇచ్చుచున్నారు? ఎందుకు?" అని మర్యాదగా అడుగుడి. అడుగుట మన హక్కు. ఆరోగ్యవంతులు రక్తదానము చేయుడి. ఇట్టి బిడ్డల యంత్రపు గొట్టములను నింపుటకు సాధారణముగా దాతల రక్తమే వాడుదురు. బిడ్డను పోగొట్టుకొనిన ఇంటికి వెళ్లినప్పుడు "అట్లు చేసియుంటే" అను మాట నోట రానీయకుడి. ఆ తల్లి ప్రక్కన ఊరక కూర్చుండుడి.

ప్రభువు మన వైద్యులకు వివేచనను, మనకు ఓర్పును అనుగ్రహించును గాక. ఆమేన్.