సంగమస్నానము – ఆటుపోట్లు



మట్టెవాడవారు ఎరిగినది భద్రకాళి చెరువు. దాని నీరు గడియకొకతీరుగ మారదు. అంతర్వేదివద్ద వాసిష్ఠ గోదావరి అట్టిది కాదు. సముద్రపు పోటు సాధారణముగా దినమునకు రెండుమార్లు నదిలోని కెక్కి, ఆటుతో దిగిపోవును. ఆ వేళ దినదినమును సుమారు 50 నిమిషములు వెనుకబడును. వారము క్రితము పోటున్న గడియకు నేడు ఆటుండవచ్చును. పున్నమ, అమావాస్యలకు ఉద్ధృతి హెచ్చు. యాత్రికులు మునుగ వచ్చునదియు ఆ తిథులకే గదా!

ఆటునీరు మనిషిని సముద్రమువైపు లాగును. గజఈతగాడైనను దాని కెదురీదినచో అలసిపోవును. ప్రవాహమున కడ్డముగా, ఒడ్డువైపే ఈదవలెను. ఈతరానివారు పడవవారిని వేళ యడిగి, మోకాలిలోతుననే కూర్చుండి మునుగవలెను. నడుమనున్న ఇసుకతిన్నెలపై పిల్లలను విడువరాదు. పోటు వచ్చునపుడు తిన్నెకు వెనుకనున్న పల్లము ముందుగ నిండును. తిన్నె పొడిగానే యుండగా తిరిగివచ్చు దారి తెగిపోవును.